వెంకటప్పయ్య షావుకారు రంగుల టెంటు

ఏంది లిఖితమ్మా, పెళ్లి ఫోటోలు పట్టుకొచ్చినవా? ఏదీ, చూపియ్. అవ్, మీ అమ్మ ప్రసూననే. అవ్, తాటాకు పందిరే. చర్ల మొత్తానికి టెంట్‌హౌస్ నడిపిన మనిషి సొంత బిడ్డ పెళ్లి తాటాకుల కింద ఎట్ల చేసిండంటవ్. ఇదివరకు అడిగినోళ్లకు మీ తాతకు పచ్చటి పందిరంటే ఇష్టమని చెప్పిన. అది అబద్ధం. కూసో, చాయ్ తాగుదాం.

మీ తాత వెంకటప్పయ్య షావుకారు కృష్ణా జిల్లా నుంచి ఇరవై ఇనుప కుర్చీలు, ఒక తోపుడు బండితోని వచ్చిండు. ఆ బండి నెట్టింది నేను, తర్వాత ట్రాక్టర్ కొంటే నడిపింది నేను. ఆయనది ఒకటే పద్ధతి. పెళ్లికైతే కిరాయి, చావుకైతే ఊరికెనే. అడగకముందే పోవాలె. "ఏడ్చేవాళ్లు కుర్చీలు అడగరు జంపయ్యా, మనమే వెయ్యాలి" అనేటోడు. బడి ఫంక్షన్ అయినా, కండ్ల డాక్టర్లు వచ్చినా ఆయన టెంటే. ఇంటికాడ గూడ గట్లనే, ఎంత పనున్నా పగటాల మీ అమ్మ బడి నుంచి వస్తెగాని కంచం ముందట కూసోడు. ఒకపాలి సర్పంచ్ ఎలక్షన్లల్ల ఆయన్ని నిలబడమని... సరే, అది చెప్పుకుంట పోతే ఇది పోద్ది. ఏడున్నం? ఆ, చావుకు తెల్లటెంటు, పెళ్లికి రంగులది. రెండూ కలపొద్దు. మీ అమ్మమ్మ రాఘవమ్మకు అది మహా పట్టింపు. తెల్లది ముట్టిన చేత్తోని రంగులది ముట్టనిచ్చేది కాదు, కాళ్లు చేతులు కడుక్కొని రమ్మనేది.

శ్రావణమాసం. మీ అమ్మ పెళ్లి ఇంక రెండ్రోజులుంది. దానికని ఖమ్మంల కొత్త టెంటు కుట్టిచ్చిండు. ఎరుపు, పసుపు, చుట్టూ జాలర్లు, వాన దిగకుంట పైన తాటిపత్రి. అది గూడ తెల్లదాని లెక్కనే నల్ల పట్టాల చుట్టి గోడౌన్ల పెట్టిండ్రు. తెల్లారంగనే కబురు, తండాల సోమ్లి పెనిమిటి దేవ్లా పోయిండని. వాన గూడ మొదలైంది. నేను జల్దీల మూట ట్రాక్టర్ల ఏసుకొని పోయిన. తొవ్వల పోలీసోళ్లు ఆపి ఏముందన్నరు. టెంటు సార్ అన్న. కర్రతోని రెండు పోట్లు పొడిచి పొమ్మన్నరు. అప్పుడన్న విప్పి చూస్తెనా. తండాల నాలుగు గుంజలు పాతి మూట విప్పితే, ఎరుపు, పసుపు. తెల్లదనుకొని పెళ్లిది తెచ్చిన.

దేవ్లాను వాకిట్ల మంచం మీద పండబెట్టిండ్రు. మొఖం మీద వాన పడకుంట సోమ్లి కొంగు అడ్డం పట్టింది. నేను టెంటు మళ్ల చుడుతున్న. గప్పుడే మీ తాత స్కూటర్ మీద దిగిండు. టెంటు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "ఎందుకురా చుడుతున్నావు? కట్టు. మనిషి తడుస్తున్నాడు" అన్నడు. గంతే. కట్టిన. అంతా అయిపోయేదాక ఆయన ఆ టెంటు కిందనే కూసున్నడు.

ఇంటికొచ్చేసరికి రాఘవమ్మ వాకిట్ల నిలబడి ఉంది. "కన్నకూతురి పెళ్లి టెంటు తీసుకెళ్లి శవం మీద కడతారా ఎవరన్నా?" నేను ముందుకొచ్చి, అమ్మా, అని మొదలువెట్టిన. అంతలనే మీ తాత "నేనే పంపించానే, కొత్తదైతే వాన దిగదని" అన్నడు. ఇగ నేను నోరు తెరవలే. అన్నం పెట్టే తల్లి బాధపడుద్దని... కాదులే. పని పోతదని. ఇద్దరు పిల్లలు నాకు.

దాని కింద నా బిడ్డ పెళ్లి కానియ్యనన్నది రాఘవమ్మ. మా పాత రంగులయన్నీ కిరాయికి పోయినయ్, శ్రావణంల ఇంకో టెంటు ఏడ దొరుకుద్ది? మర్నాడు తండా పెద్ద రామ్‌సింగ్‌ను ముందట పెట్టుకొని తండా మొగోళ్లంత తాటాకులు, బొంగులు మోసుకొచ్చిండ్రు. పొద్దూకేసరికి పందిరి లేసింది. పెళ్లినాడు మళ్ల వాన. సాంబార్ల చినుకులు పడ్డయ్, వియ్యపురాలి పట్టుచీర తడిసింది. రంగుల టెంటు తండాకే ఇచ్చేసిండు మీ తాత. సోమ్లి బిడ్డ సంగీత పెళ్లి దాని కిందనే అయ్యింది.

ఆయన పోయి పన్నెండేండ్లాయె. మీ అమ్మమ్మ మాత్రం ప్రతి పండక్కి నన్ను పిలిచి అన్నం పెట్టేది. గోడ మీది ఆయన ఫోటో దిక్కు చూసి, "మంచి మనిషే జంపయ్యా, కానీ కూతురి పెళ్లి గుడ్డకే చావు అంటించాడు" అనేది. నేను తలకాయ ఊపుకుంట మజ్జిగ పోసుకునేటోణ్ణి. నిరుడు ఆమె పోయినప్పుడు తెల్లటెంటు నేనే కట్టిన. అప్పుడు చెప్పి ఏం లాభం?

మీ అమ్మకన్న చెప్పు, మూట మార్చింది జంపయ్య అని. ఏదీ, ఆ ఫోటో ఇటియ్. ఇగో, ఈ మూలకు, గుంజ పట్టుకొని తడుస్తున్నడే, అది నేనే.

నీ చాయ్ చల్లగయింది. ఇంకోటి చెప్తా ఉండు.