ఒకే వరుసలో రెండు తొమ్మిదులు

రాత్రి డ్యూటీ దిగి అప్పుడే నడుం వాల్చిన భర్తను, పగటి డ్యూటీకి బయలుదేరుతున్న నర్సు భుజం పట్టి కుదిపింది. ఆమె చేతిలో ఫ్రిజ్ మీద అంటించే సుడోకు కాగితం ఉంది.

“ఏమండీ, ఈ వరుసలో తొమ్మిది ముందే ఉందిగా! మళ్ళీ తొమ్మిదేంటి? రబ్బరుతో ఎంత రుద్దినా పోవట్లేదు.”

“పొద్దున్నే పంచాయితీ పెట్టకే తల్లీ. కళ్ళు మండుతున్నాయి.”

“టీ మరిగేలోపు ఫోన్ గీకడం మానేసి తలో నాలుగు గళ్ళు నింపుదాం, బుర్రకు పదును అన్నది మీరే. ఇదేనా పదును?”

“నువ్వు స్నానానికి వెళ్తావు, నేను నింపి పడుకుంటాను. సాయంత్రం నువ్వొచ్చేసరికి నేనుండను. ఫోన్ ఉన్నప్పుడు ‘ఈ వీడియో చూశావా’ అనైనా అనుకునేవాళ్ళం. ఇప్పుడు కాగితంతోనే కాపురం.”

ఆమె గొంతు తగ్గింది.

“అయితే తెలిసే తప్పు రాశారా?”

“వారం నుంచీ రాస్తున్నా. నువ్వేమో నన్ను లేపకుండా, చప్పుడు చేయకుండా చెరిపేసి పోతున్నావు.”

“అలిసి పడుకున్నారని...”

“అందుకే ఇవాళ పెన్నుతో రాశా.”