సగానికి తగ్గిన చావులు

సూరత్‌లోని బమ్రోలిలో చాయ్ బండి దగ్గర ఒక ముసలి మిల్లు కార్మికుడు, గుజరాతీ పేపర్లో పనిచేసే తెలుగు కుర్రవాణ్ణి నిలబెట్టాడు.

"మిల్లుల్ల సావులు సగానికి తగ్గినయని రాసింది నువ్వేనా?"

"నేనే కాకా. సర్కారు ఇచ్చిన లెక్కలే."

"మా తమ్ముడు రాజలింగం అండ్ల ఉన్నడా?"

"ఆయన పానం ఏడ పోయింది?"

"మిల్లుల ఆవిరి పైపు పగిలి కాలిండు. ఊర్లె అయితే సూసుకునేటోళ్లుంటరని సేటు టికెట్ తీసిచ్చిండు. మేమే రైలెక్కించినం. పానం జగిత్యాల దవాఖానల పోయింది."

"అట్లయితే సూరత్ లెక్కల రాడు కాకా. జగిత్యాల లెక్కల పోతడు."

"పైపు జగిత్యాలల పగిలిందా?"

కుర్రవాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"కాలినోళ్లందరిని గట్లనే తోలుతరు. ఈడనే పుట్టి పెరిగినవు, నీకు ఎరుక లేదా? నువ్వు రాసిన పేపరు ముక్కను సేటు గేటుకు అతికిచ్చిండు. పైపు మార్చుమంటే దాన్నే సూపెడుతుండు."

"నేను రాసిన లెక్క తప్పయితే కాదు కాకా."

"నిన్న అదే పైపు కాడ మాతోటి పనిచేసే పరుశురాం కాలిండు. దవాఖానల ఉన్నడు. కదిలియ్యొద్దని డాక్టర్ చెప్పిండు. సేటు మల్ల టికెట్ పంపిండు."

"మరి ఊరికి తోలుకపోతరా?"

ముసలాయన ఆ టికెట్ తీసి కుర్రవాడి చొక్కా జేబులో దోపాడు.

"సావులు తగ్గింది గిండ్లనేరా. ఉంచుకో. పరుశురాంను మేం ఏడికీ తోలం. బతికితే ఈడనే బతుకుతడు. సస్తే నీ లెక్కల సస్తడు."