మిలిసావ్ కాచిన సారాని మెచ్చుకున్న పూట

ఏంటీ, నర్సు ఉద్యోగంలో చేరావా? మంచిదే పిల్లా, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊడింది. మన పట్నం ఆసుపత్రిలో స్తామెన అని ఒకావిడ ఉండేది, నువ్వు పుట్టకముందే పోయిందిలే. అబ్బో, నర్సు కాదది, రాక్షసి! సూది పొడిచిందంటే... ఇంతకీ ఏం చెబుతున్నా? ఆఁ, నా తలకాయ. ప్లమ్ పళ్ళు దులుపుతూ నిచ్చెన మీంచి పడ్డాను. "నిచ్చెన విరిగిందా?" అని అడిగింది మా ఆవిడ ముందు. నవ్వకు, నిజం. తలకి దెబ్బ తగిలినవాణ్ణి గంటగంటకీ లేపి అడుగుతారు కదా, పేరేంటి, ఎక్కడున్నావు, ఇవాళేం వారం అని? స్తామెన ఆ మూడూ అడిగి, నాలుగోది సొంతంగా కలిపేది. "వుకషిన్ మామా, మిలిసావ్ కాచిన సారా నీదానికన్నా బావుంటుందటగా?" మిలిసావంటే మా పక్కింటోడు. ప్రాణం పోతున్నా సరే, మన సెర్బియాలో పక్కింటోడి సారా బావుందని ఎవడైనా ఒప్పుకుంటాడా? ఆవిడ ఏడు తరాల్నీ ఎత్తి తిట్టేవాణ్ణి. "మామ బుర్ర బానే ఉంది" అని రాసుకుని పోయేది.

మూడో రోజు మధ్యాహ్నం పేరు చెప్పాను, ఊరు చెప్పాను, వారం చెప్పాను. నాలుగోదానికి మాత్రం "అవునమ్మా, వాడిదే బావుంటుంది" అన్నానట! స్తామెన పళ్ళెం అక్కడే పడేసి పరిగెత్తింది. బెల్‌గ్రేడ్ నుంచి కొత్తగా దిగిన కుర్ర డాక్టరు, "అన్నీ సరిగ్గానే చెప్పాడుగా, కాస్త మర్యాద నేర్చుకున్నట్టున్నాడు, పడుకోనీ" అన్నాడట. "మర్యాదా? ఇతనికా? లోపల రక్తం కారుతోందయ్యా, ఇలాగే నుంచుంటే సాయంత్రానికి శవం!" అని అతన్ని పక్కకి నెట్టేసి పెద్ద డాక్టరు తలుపు బాదింది. ఆయన మన పల్లెటూరి మనిషి, ఇంట్లో సొంత సారా బట్టీ ఉన్నవాడు. తింటున్న చిక్కుళ్ళ పులుసు వదిలేసి లేచాడు. "పక్కింటోడిది బావుందన్నాడా? గుండు గీయండి, త్వరగా!" పుర్రెకి కన్నం పెట్టి గడ్డకట్టిన రక్తం తీశారు. ఇదిగో గుంట, వేలు పెట్టి చూడు. భయమెందుకే, నర్సువి కాదూ?

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆవిడే. మళ్ళీ అదే ప్రశ్న. నాలుక తిరగట్లేదు, అయినా తిట్టాను, పచ్చిబూతులు. ఆ రాక్షసి నేలమీద కూలబడి భోరుమని ఏడ్చింది. మా ఆవిడ కూడా నాకోసం అంత ఏడవలేదు.

మిలిసావ్‌గాడు మాత్రం నేను ఒప్పుకున్నానని చచ్చేదాకా ఊరంతా టముకు వేశాడు. బుర్ర చెడినప్పటి మాట మాటే కాదని నేనూ దబాయించాను. స్తామెన పోయిన నలభయ్యో రోజున, మన ఆనవాయితీ ప్రకారం సమాధి మీద నాలుగు చుక్కల సారా పోద్దామని వెళ్ళాను. చుట్టూ ఎవరూ లేరు. నా ప్రాణం నిలబెట్టిన మనిషితో అబద్ధం ఎలా ఆడతానే? "ఇది నేను కాచింది కాదమ్మా, మిలిసావ్‌ది. నీకు మంచిదే పోయాలి కదా" అన్నాను...

అదిగో, కోళ్ళు మళ్ళీ క్యాబేజీ మడిలో పడ్డాయి. లే, లే, తోలు వాటిని.