జేబులో ఫ్యూజులు పెట్టుకున్న పట్టాభిరామయ్య గారు

1979వ సంవత్సరం జూన్ నాలుగవ తేదీన జీడిమెట్లలోని మన పంపుల కర్మాగారంలో ఫిట్టరుగా చేరిన శ్రీ పట్టాభిరామయ్య గారు, ఈ ఏప్రిల్ నెలాఖరున కొండాపూర్ సేవా కేంద్రం పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి రాసే బాధ్యతను కేంద్రంలో అందరికంటే చిన్నదాన్నైన నాకు అప్పగించడం నా అదృష్టంగా భావిస్తున్నాను.

అమలాపురం ప్రాంతం నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన వారు, తొలినాళ్లలో మోటర్ల బిగింపు విభాగంలో పనిచేశారు. మరమ్మతులో ఉన్న యంత్రానికి ఎవరో చూడకుండా స్విచ్చు వేయగా, పక్కనున్న మిత్రుని చెయ్యి నలిగిపోవడం ఆ రోజుల్లోనే వారు కళ్లారా చూశారట. నాటి నుంచి ఏ మోటరును ముట్టుకోవాలన్నా ముందు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకోవడం, పని ముగిసేదాకా వాటిని ఎవరి చేతికీ ఇవ్వకపోవడం వారికి నియమమైంది. కొత్తవారు నవ్వేవారు. "భయస్థుణ్ణి బాబూ, ఏం చెయ్యమంటారు?" అని వారే ఒప్పుకునేవారు.

అనంతరం సేవా విభాగానికి మారి, హైటెక్ సిటీ చుట్టూ కొత్త ఇళ్లు వెలుస్తున్న కాలంలో, 2004లో, కొండాపూర్ కేంద్రాన్ని రెండు బల్లలతో ప్రారంభించినది వారే. బోరు నీరు ప్రెషర్ ట్యాంకులో చేరి, ఒత్తిడిని అదుపులో ఉంచే వాల్వు గుండా కుళాయిలకు చేరే ఏర్పాటు ఈ ప్రాంతంలో అప్పటికి చాలామందికి కొత్త. ఇంటింటికీ వెళ్లి దాన్ని అర్థమయ్యేలా చెప్పిన ఓర్పు వారిది.

నేను ఫిర్యాదులు స్వీకరించే ఉద్యోగంలో చేరినది 2010లో. నగరం తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతున్న రోజులవి. ఒకనాడు బస్సు కోసం నిలబడిన పట్టాభిరామయ్య గారిని, మాట యాస పట్టుకుని, "మీ ఊరికి ఎప్పుడు పోతున్నవ్ సారూ?" అని ఎవరో అడిగారట. అడిగినవాడు నవ్వుతూనే అడిగాడు. వారికి మాత్రం ఆ రాత్రి కంటిమీద కునుకు లేదని వారి సతీమణి శ్రీమతి సీతారత్నం గారు తరువాత నాతో చెప్పారు. అది మొదలు బస్సులో టికెట్టు అడగడానికి కూడా నోరు తెరవక, సరిపడా చిల్లర ఇచ్చి ఊరుకునేవారు.

2011లో సకల జనుల సమ్మె సాగుతూ, కరెంటు కోతలు ముదిరిన రోజుల్లో బోరబండ నుంచి వీరేశం గారనే గృహస్థు ఫోను చేశారు. "మేడం, నీళ్లు సన్నగ వస్తున్నయి. మోటరు ఆగిపోతుందని ఆ ఆటోమేటిక్ స్విచ్చును ట్యూబు ముక్కతోని కట్టేసిన. ఇప్పుడు ట్యాంకు గుంయ్ మంటుంది" అన్నారు.

ఆ మాట చెప్పగానే పట్టాభిరామయ్య గారు కుర్చీలోంచి లేచారు. "ట్యాంకు పక్కన ఎవరుంటారో అడుగమ్మా" అన్నారు.

ట్యాంకు మెట్ల కింద ఉందని వీరేశం గారు చెప్పారు. ఆ గోడకు అవతలి గదిలోనే, బాలెంతగా పుట్టింటికి వచ్చిన వారి కూతురు పింకీ పసిబిడ్డతో పడుకుని ఉంది. మోటరు ఆపమని నేను బతిమాలితే, "బంద్ చేస్తే ఎట్ల? గల్లీ అంత మా నల్లా కాడనే ఉన్నది. కరెంటు మల్ల ఎప్పుడొస్తదో!" అని వీరేశం గారు ఫోను పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మెకానిక్కులందరూ సమ్మెలో ఉన్నారు. పట్టాభిరామయ్య గారు సంచీ తీసుకుని నా బల్ల దగ్గర నిలబడ్డారు. "అమ్మాయ్, నువ్వూ రాగలవా? అక్కడ మాట్లాడేది నువ్వే. నేను నోరు తెరవను" అన్నారు. ఇద్దరం ఆటోలో బయలుదేరాం.

ఆ గల్లీలో బిందెల వరుస మలుపు దాకా ఉంది. కుళాయి నుంచి దారమంత ధార. మెట్ల కింద చూస్తే ఒత్తిడి మీటరు ముల్లు ఎర్రగీత దాటి చివర ఆనుకుని ఉంది. వాల్వులో పూడిక పేరుకుని కుళాయిలకు నీరు వెళ్లనీయడం లేదు. ఒత్తిడి మితిమీరితే మోటరును ఆపవలసిన స్విచ్చును వీరేశం గారు కట్టేశారు. మోటరు నీటిని తోస్తూనే ఉంది, ట్యాంకు అతుకు సన్నగా కీచుమంటోంది. నీళ్లు సన్నగా వస్తున్నకొద్దీ మోటరు ఆపవద్దని వరుసలోని వారు కేకలు వేస్తున్నారు. ఆపమన్న నా మాట ఆ కేకల్లో ఎవరికీ వినబడలేదు.

పట్టాభిరామయ్య గారు తిన్నగా వెళ్లి ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నారు.

"ఏయ్, ఎవలాయన? ఫ్యూజులు జేబుల ఏస్కున్నడు!"

"ఆ గదిలో పిల్లని బయటికి తీసుకురండి!" అని వారు అరిచారు. "అందరూ వెనక్కి జరగండి! ట్యాంకు పేలిపోతుందండీ!"

ఆ యాస విని తలలన్నీ ఇటు తిరిగాయి. "గిదేంది, ఆంధ్రాయననా?" అన్నదొక గొంతు. "మన నీళ్లు బంద్ చెయ్యనీకె వచ్చిండు" అన్నది మరొకటి. వరుస చెదిరి మనుషులు వారి చుట్టూ చేరారు. వీరేశం గారు చెయ్యి చాపి, "ఫ్యూజులు ఇటియ్యి" అన్నారు.

వారు జేబు మీద అరచెయ్యి అదిమిపెట్టుకున్నారు. ఆ చెయ్యి మోచేతి దాకా వణుకుతోంది. "ఇవ్వనండి. కొట్టినా ఇవ్వను. ముందు పిల్లని బయటికి తీసుకురండి."

ఎవరో వారి కాలరు పట్టుకున్నారు. అప్పుడు బకెట్టుతో వరుసలో ఉన్న కిష్టమ్మ అనే పెద్దావిడ, "ఓ వీరేశం, కండ్లు లేవా? ఆయన ఎట్ల వణుకుతున్నడో సూడు. కయ్యానికొచ్చినోడు గిట్ల వణుకుతడా? పో, పిల్లను తే" అని గద్దించింది. మరుక్షణం తానే లోపలికి వెళ్లి పసిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. వెనుక గోడ పట్టుకుంటూ పింకీ నడిచి వచ్చింది.

పట్టాభిరామయ్య గారు పక్కకు ఒరిగి నిలబడి, ట్యాంకు అడుగున ఉన్న బిరడాను రెంచితో కొద్దిగా తిప్పారు. నీరు బాణంలా దూసుకుపోయి ఎదుటి గోడ సున్నాన్ని పెళ్లగించింది. కాలరు పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదిలిందో నేను చూడలేదు. వీరేశం గారు మాత్రం ఆ గోడను, కూతురిని మార్చి మార్చి చూస్తూ మెట్టు మీద కూలబడ్డారు.

తరువాతి పని ప్రశాంతంగా సాగింది. వాల్వు విప్పి ఇసుక, తుప్పు కడిగి, స్విచ్చుకు కట్టిన ట్యూబు ముక్క కోసి, అన్నీ బిగించిన మీదటనే వారు జేబులో చెయ్యి పెట్టారు. కుళాయి నిండుగా పారింది. కొద్దిసేపటికే కరెంటు పోయినా, ట్యాంకులో నిలిచిన నీటితో ఇంకొన్ని బిందెలు నిండాయి. కిష్టమ్మ బకెట్టు సగమే నిండింది. "నీ తరఫున కొట్లాడితే నాకు సగమేనా సారూ?" అంటే, "రేపు మళ్లీ వచ్చి చూస్తానండి" అన్నారు వారు. చెప్పినట్టే వెళ్లారు. ఈసారి నన్ను పిలవలేదు.

ఆ తరువాత వారిలోని భయం పోయిందని రాస్తే అది అసత్యమవుతుంది. సమ్మె ముగిసేదాకా ప్రతి పిలుపుకూ వారి ముఖానికి చెమటలు పట్టేవి, అయినా ఒక్క ఇంటికీ వెళ్లకుండా ఉండలేదు. భయం లేనివారితో కలిసి పనిచేయడం సులభం కావచ్చు. భయపడుతూనే పసిబిడ్డకూ ప్రమాదానికీ మధ్య నిలబడిన మనిషితో కలిసి పనిచేయడం మాకు దక్కిన గౌరవం.

రేపటి రోజున రాష్ట్రం ఏమవుతుందో, తాము ఇక్కడే ఉంటారో వెళ్లిపోతారో ఆ దంపతులు ఇంకా తేల్చుకోలేదు. మొన్న వీరేశం గారికి ఈ మాట చెబితే, "ఏడికి పోతడు? పోనిస్తమా?" అన్నారు. ఆ మాటను వారి కుటుంబం కోసం ఇక్కడ రాసి ఉంచుతున్నాను. పట్టాభిరామయ్య గారు, సీతారత్నం గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో వర్ధిల్లాలని, ఏ ఊళ్లో తలుపు వేసుకుని పడుకున్నా ఆ ఊరు తమదేనన్న నమ్మకంతో నిద్రపోవాలని మా అందరి ఆకాంక్ష.

— స్రవంతి, కొండాపూర్ సేవా కేంద్రం