జిగురక్క దాచిన సంగతి

మధ్యాహ్నం షిఫ్టు ఆపుకుని వచ్చిన తోటి పనివాళ్లకూ, తడి జుట్టుతో ఒడ్డు నుంచి నేరుగా వచ్చిన డైవర్లకూ, ముందు వరసలో కూర్చున్న బావగారికీ, వాళ్లమ్మాయికీ నమస్కారం. మైకు ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు. ఇలాంటి రోజున అలవాటు కావాలనీ లేదు.

మన జిగురక్క పోయింది. నెల రోజులు ఊపిరి కోసం పెనుగులాడి, మొన్న మంగళవారం పొద్దున పోయింది. రిజిస్టరులో ఆమెకు వేరే పేరుంది. ఆ పేరు పెట్టి పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నారా అని అక్కే వెనక్కి తిరిగి చూసేది.

బంధువుల్లో కొందరికి ఆమె పని తెలియకపోవచ్చు. చల్లటి నీళ్లలోకి దిగేవాళ్లు ఒంటికి అతుక్కునేట్టు వేసుకునే రబ్బరు సూట్లు, వెట్‌సూట్లు, మేం తయారు చేస్తాం. ముక్కలు కత్తిరించి, అంచులకు జిగురు పూసి, అతికించి, ఆపైన కుట్టు వేస్తాం. అతుకు నిలిస్తే లోపలి మనిషికి వెచ్చగా ఉంటుంది. అతుకు విడితే ఐసులాంటి నీళ్లు నేరుగా వీపు మీదికొస్తాయి. ఇరవై రెండేళ్లు అక్క ఆ అతుకులు వేసింది. వాటిని నమ్ముకుని నీళ్లలో దూకినవాళ్లు ఈ హాల్లోనే ఎంతమంది ఉన్నారు?

పేరుకు యజమానిని నేను. ఆవిడకు మాత్రం తమ్ముణ్ణే. పనిలో తేడా వస్తే అందరి ముందూ నా చెవి మెలేసినంత పని చేసేది.

మొదట్నుంచీ మేం వాడింది నియోప్రీన్. పెట్రోలు సరుకుతో తయారయ్యే రబ్బరు. దాన్ని అతికించడానికి కళ్లు మండే ఘాటు జిగురు. మిగిలిన ముక్కలు షెడ్డు వెనక గుట్టగా పడి ఉండేవి. ఎన్ని వానలు కురిసినా మట్టిలో కలిసేవి కావు. ఒకరోజు అక్క చెట్ల పాలతో చేసిన రబ్బరు ముక్కొకటి, ఘాటు లేని నీళ్ల జిగురు డబ్బా ఒకటి ఎక్కడో సంపాదించి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "తమ్ముడూ, ఇది సాగుతోంది, వెచ్చగానూ ఉంది. ఇంక దేనికి ఆలోచన?" అంది.

నేను ఆలోచించాను. ఎన్నాళ్లు? మూడేళ్లు! కొత్త రబ్బరు తొందరగా చిరుగుతుందన్నాను. డైవర్లు ఒప్పుకోరన్నాను. నోటికొచ్చిన సాకులన్నీ చెప్పాను. నిజం చెప్పాలంటే బద్ధకం. చేతికి అలవాటైన పని మార్చుకోవాలంటే బద్ధకం.

చివరికి ఆమె ఏం చేసిందో తెలుసా? సొంతంగా ఒక సూటు కుట్టి, తనే తొడుక్కుని, ఈత సరిగా రాని మనిషి, గుండెల లోతు నీళ్లలో గంటసేపు నిలబడింది. ఒడ్డున బావగారు తువ్వాలు పట్టుకుని ఆమెనూ నన్నూ కలిపి తిట్టిపోస్తున్నారు. "చూడు, ఒళ్లు వెచ్చగానే ఉంది" అంటూ ఒడ్డుకొచ్చింది. అప్పటికి గానీ నేను దిగిరాలేదు.

మొదటి విడత నలభై సూట్లు చేశాం. వారం తిరక్కుండా ముప్పై వెనక్కొచ్చాయి, అతుకులు విడిపోయి. ఒక డైవరన్న పళ్లు టకటకలాడుతూ వచ్చి సూటు నా కాళ్ల ముందు విసిరేశాడు. తప్పెక్కడ జరిగింది? పాత జిగురు ఆరిందో లేదో మేం ముక్కుతో చూసేవాళ్లం. ఘాటు తగ్గితే ఆరినట్టే. కొత్త జిగురుకి అసలు ఘాటే లేదు! వాసన రావట్లేదు కదా అని తడి మీదే అతికించేశాం. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లమంతా చేసిన తప్పది.

విడిపోని పది సూట్లూ ఒకే బల్ల మీద తయారయ్యాయి. అక్క బల్ల.

నువ్వెలా చూశావక్కా అని అడిగాను. చిటికెన వేలి వెనక వైపు జిగురుకి తాకించి చూపించింది, వేలికి తడి అంటకపోతే ఆరినట్టని. ఎప్పట్నుంచి ఇలా చూస్తున్నావంటే తల దించుకుంది. "ఆరేళ్లయింది తమ్ముడూ. నాకు వాసన తెలీదు. చెప్తే పని మాన్పిస్తావని చెప్పలేదు."

ఆరేళ్లు! స్టవ్ మీద పాలు మాడిపోతుంటే పక్కనే నిలబడి కూరలు తరిగేదట. బావగారు పరుగున వచ్చి కట్టేసేవారట. ఇంట్లో వాళ్లకు తెలుసు. నాకే తెలియదు. ఆమెకు వాసన తెలియకుండా పోయింది నా షెడ్డులో, నా జిగురు పీల్చి. నేను సాకులు చెప్పిన ఆ మూడేళ్లలో తన గురించి ఒక్కసారైనా అడిగిందా? పక్క బల్ల అమ్మాయిల తలనొప్పుల గురించి అడిగింది. షెడ్డు వెనక గుట్ట గురించి అడిగింది. తన సంగతి మింగేసింది.

అక్క కూతురు నిన్న నాకొక మాట చెప్పింది. చిన్నప్పుడు అమ్మ పని నుంచి రాగానే ఎత్తుకోమంటే, "స్నానం చేసొస్తా, ఆగమ్మా" అనేదట. కొత్త జిగురు వచ్చాక, మనవరాలిని మాత్రం గుమ్మంలోనే ఎత్తుకుందట. అది విని నేను ఏడ్చాను. ఇప్పుడూ ఏడుపొస్తోంది, క్షమించండి.

జబ్బు జిగురు వల్లేనని డాక్టర్లు రాయలేదు. కాదనీ రాయలేదు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. కొత్త సూట్లన్నీ మారాయి గానీ, పాత సూట్లు బాగుచేసే మరమ్మతుల గదిలో ఇప్పటిదాకా ఆ ఘాటు జిగురే వాడుతున్నాం. ఒకే కిటికీ ఉన్న గది. నలుగురు పనివాళ్లు. ఆస్పత్రిలో అక్క ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, "ఆ గది ఎప్పుడు మారుస్తావు?" అని అడిగింది. నేనేమన్నాను? "చూద్దాంలే అక్కా, ముందు నువ్వు లే" అన్నాను. ఆమెతో నేనన్న ఆఖరి మాట అదే.

ఈ పొద్దున ఆ గదికి తాళం వేశాను. పాత సూట్లకు కొత్త జిగురు పట్టే దారి దొరికేదాకా మరమ్మతులు తీసుకోం. ఆ నలుగురికీ కొత్త బల్లల దగ్గర చోటు ఇచ్చాను. డైవర్లూ, మీకు కోపమొస్తే నన్ను తిట్టండి. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఆమె బతికుండగా చెయ్యాల్సిన పని, ఆమె పోయాక చేశాను.

మరమ్మతుల గదిలో పనిచేసిన నలుగురూ ముందు లేవండి. మీ గురించి అడుగుతూనే అక్క వెళ్లిపోయింది. మీ వెనక మేమంతా లేస్తాం. రెండు నిమిషాలు ఎవరం ఏమీ మాట్లాడొద్దు. నేను అందరికంటే వెనక నిలబడతాను.