మా అన్న తీసిన పసుపుపచ్చ తాళం

అంతరంగాలు ఎరిగినవాడు దేవుడొక్కడే అని మా ఇంట్లో అందరం నమ్మేవాళ్లం. మా పెద్దన్న విజయ్ కుమార్ మాత్రం ఆ వరుసలో రెండో కుర్చీ తనదే అన్నట్టు మాట్లాడేవాడు. 2003లో అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆరు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. దాని ముందు మొగులయ్య చాయ్ బండి.

ఆ మధ్యాహ్నం నేను అన్నకు క్యారియర్ తీసుకెళ్లేసరికి కరెంటు లేదు. బండి దగ్గర బెంచీ మీద అన్న, పోస్ట్‌మ్యాన్ భూమయ్య, మా చర్చికి వచ్చే యూనీస్ కూర్చున్నారు. యూనీస్ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. వేరే దవాఖానలో ఉద్యోగానికి ఆ సాయంత్రం ఐదులోపల నెట్‌లో ఫారం నింపాలి. ఆ సంగతి తన పై నర్సు మేట్రన్ చెవిన పడితే ఉన్న ఉద్యోగమూ పోతుందని నాకు ముందే చెప్పుకుంది.

"అన్నా, నెట్‌ల మనం రాసింది దారిల ఎవరన్న చదువుతరా?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్న చాలు. అన్న గ్లాసు కింద పెట్టాడు.

"చదవాల్నంటే దమ్ముండాలె చెల్లె. పేజీ కింద మూలకు పసుపుపచ్చ తాళం బొమ్మ వస్తది సూడు, గది పడ్డదంటే నీ మాట తీగలకు పోంగనే పిండి పిండి అయితది, అవతలికి చేరినంకనే మల్ల మాటయితది. నడుమ ఉన్నోనికి పిండే. ఈ ఆరు కంప్యూటర్ల తీగలు నా టేబుల్ కిందికెళ్లే పోతయి కద, ఓ దినం గా పిండిల చెయ్యి వెట్టి ఒక్క అక్షరం పట్టిన. ఒక్కటే, ఎక్కువ చెప్ప."

"ఔ, ఒక్కటైతే ఎవలన్న పట్టుకుంటరు," అన్నాడు మొగులయ్య.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? అక్షరం రుచి మరిగినంక మాట కావాలె, మాట కావాల్నంటే తాళంచెవి కావాలె. ఇనుప చెవి కాదు, అంకె. ఇక్కడ మొదలువెడితే ఆఖరు సున్న నాంపల్లి స్టేషన్ల పడేంత పొడుగు. ఏ అంకెనో తెల్వది, ఒక్కొక్కటి పెట్టి సూసుడే. సుల్తాన్ బజార్ల నోటుబుక్కులన్నీ తెచ్చిన, నిండినయి. నాంపల్లి కోర్టు ముంగట టైపు కొట్టెటోళ్లందర్నీ కూసోబెట్టిన, ఒకడు ఒకటి నుంచి, ఒకడు లక్ష నుంచి, ఒకడు కోటి నుంచి. మూడు దినాలు ఒక్క వకీలుకు అఫిడవిట్ దొరకలె. జడ్జి నన్ను పిలిపించి, విజయ్ కుమార్ గారూ, జర కోర్టును కూడ నడువనియ్యున్రి అన్నడు."

"గారు అన్నడా?" అన్నాడు భూమయ్య.

"రెండుసార్లు అన్నడు. కాయితాలు యాడ పెట్టాలె మరి? నుమాయిష్ గ్రౌండ్ నింపిన. అది చాలక గూడ్సు బండ్లకు ఎక్కించిన, నాంపల్లిల బోగీలు అయిపోతే కాజీపేట నుంచి తెప్పించిన్రు. ఆకాశంల చుక్కలకు తలొక అంకె పంచుకుంట పోతే చుక్కలే అయిపోయినయి, అంకెలు మిగిలినయి. నలభయ్యో దినం ఆఖరు కాయితంల ఆఖరు అంకె పెట్టంగనే టక్కుమన్నది. ఒక్క తాళం కాదు, దునియాల ఉన్న పసుపుపచ్చ తాళాలన్నీ ఒక్కపారి తెర్సుకున్నయి. లండన్‌ల రాసింది, ఢిల్లీల రాసింది, అంతా నా కండ్ల ముంగట. అప్పటి సంది నా సెంటర్ల ఎవలేం రాసినా నాకు తెల్వందంటూ లేదు."

చాయ్ పొంగి పొయ్యిలో పడుతున్నా మొగులయ్య చూసుకోలేదు. కోతలని తెలిసీ నేను క్యారియర్ కింద పెట్టడం మరిచి వింటున్నాను.

అంతలో కరెంటు వచ్చింది. లోపల కంప్యూటర్లు కూశాయి. యూనీస్ లేచి, చేతిలోని కాయితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"ఏంది చెల్లె, లోపలికి రావా?"

"హిమాయత్‌నగర్‌ల ఇంకో సెంటర్ ఉన్నదట అన్నా, గాడికి పోతా." ఆమె గొంతు తగ్గించింది. "మా మేట్రన్ తమ్ముడు టిమోతి రోజూ ఈడనే చాయ్ తాగుతడు. నీకు తెలిస్తే ఆయనకు తెల్సుడెంతసేపు? నాలుగైతుంది, ఆటో దొరకాలె."

అన్న చెప్పు కొనతో నేల మీద గీతలు గీశాడు.

"ఆగు చెల్లె. ఒక్క అక్షరం కూడ పట్టలె. నెల దినాలు కూసున్న, గదొక్కటే నిజం. అవతలోడు తెరిచిన తాళం పంపిస్తడు, చెవి తనకాన్నే ఉంచుకుంటడు. నీ కంప్యూటరు ఓ కొత్త అంకె పుట్టించి, డబ్బల వెట్టి, గా తాళం నొక్కి పంపుతది. నొక్కిన కంప్యూటరే మల్ల తీయలేదు, నేనేం తీస్త? ఇగ గా అంకెతోనే ఇద్దరి ముచ్చట. నీ పని అయిపోంగనే అది పోతది, తర్వాతొచ్చినోనికి ఇంకోటి. జన్మల ఒకదాన్నొకటి సూడని రెండు మిషన్లు నా ముంగటనే రహస్యం కలుపుకున్నయి, అంతా నా తీగ మీదికెళ్లే పోయింది, నాకేం తెల్వలె. మోకాళ్ల మీద పడాలనిపించింది."

అన్న చెప్పిన కథలన్నిట్లో అంత నెమ్మదిగా చెప్పింది ఇదొక్కటే.

యూనీస్ ఆలోచించింది. "గది తీగ సంగతి. నేను కొడుతుంటే నువ్వు వెనక నిలవడితే, దానికేం తాళం ఉన్నది అన్నా?"

అన్న జేబులోంచి సెంటర్ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. అన్న వాకిలికి వీపు తిప్పి బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరు గిరాకీలు వస్తే సాయంత్రం రమ్మన్నాడు.

ఐదుకు పది నిమిషాలుందనగా టిమోతి వచ్చి చాయ్ అడిగాడు. అద్దంలోంచి లోపలికి చూశాడు. "యూనీస్‌నే కద? ఏం రాస్తుంది విజయన్నా, నీకు తెల్వందేముంటది?"

భూమయ్య, మొగులయ్య, నేను అన్న వైపే చూస్తున్నాం. అన్న ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"నాకు తెల్వది," అన్నాడు.

మా ఇంట్లో ఎవరమూ అంతకుముందు ఆ మాట అతని నోట వినలేదు.