కోటిరత్నం డేరాలో కుంచం సినిమా

కోటిరత్నం గొంతెత్తిందంటే గోదారి అవతలి ఒడ్డున పడుకున్న గేదెలు లేచి నిలబడేవంట. ఏమర్రా, నవ్వుతారేంటి? ఆ గేదెల మనవరాళ్ళ పాలు తాగి పెరిగినదాన్ని, నాకు తెలీదా? ఆ కోటిరత్నం మొగుడు సత్తియ్యకి డేరా సినిమా ఉండేది. డేరా అంటే అంతా ఇంతా కాదు, విప్పి పరిస్తే మూడూళ్ళకి నీడ అనుకో. చిరుగులూ అంతే ఉండేవిలే. చందమామ ఒక చిరుగులోంచి దూరి, కాసేపు సినిమా చూసి, ఇంకో చిరుగులోంచి పోయేవాడంట, టికెట్టు కొనకుండా. సత్తియ్య లోపల మిషను తిప్పేవాడు. కోటిరత్నం గుమ్మం దగ్గర టికెట్లు చింపేది, పగలు గూడుబండి కట్టించుకుని మైకు పుచ్చుకుని ఊరూరా చెప్పుకొచ్చేది. ఆవిడకి మైకెందుకో మరి! ఆ గొంతు ముందు మైకే సిగ్గుపడి గరగరమనేదంట. ఆవిడ పెళ్ళిచూపులు కూడా ఆ డేరాలోనే అయ్యాయి, ఇంటర్వెల్లులో, రీలు మార్చేలోపల. అందుకని డేరా అంటే పంచప్రాణాలు.

ఏమైందంటే, ఆ ఏడు తెచ్చిన సినిమా తెచ్చినట్టే పడుకుంది. ఒకదానికైతే జనం ఎంత తక్కువొచ్చారంటే, తెరమీద హీరోయే బయటికి తొంగిచూసి ఎవరన్నా ఉన్నారా అని అడిగాడంట. సత్తియ్యకి విసుగెత్తిపోయింది. ఇదిగో రత్నం, ఇప్పుడొచ్చే సినిమా కూడా పోయిందా, డేరాగుడ్డ ఉప్పు పడవలవాళ్ళకి అమ్మేస్తాను, మిషను తూకానికేసేస్తాను, మా అన్న రైసుమిల్లులో తవుడు ఎత్తుకుని బతుకుతాను అన్నాడంట. ఉత్తినే అనడం కూడా కాదు, పడవవాడొకడు వచ్చి గుడ్డంతా మూరలేసి కొలుచుకుని మరీ పోయాడు. ఆ పూట కోటిరత్నం మెతుకు ముట్టలేదు. నాలుగు చెంబుల మజ్జిగ తాగిందిలే, మెతుకు మాత్రం ముట్టలేదు.

ఆ వచ్చిన సినిమా ఏంటంటే, కొత్తకోడలు అత్తారింట్లోకి వస్తా గడపమీద బియ్యం కుంచాన్ని కాలితో దొర్లిస్తుంది గదా, అక్కణ్ణుంచి మొదలు. తర్వాత ఆ ఇంటిమీద పిడుగు పడుద్ది, ఎడ్లు పోతాయి, మామ మంచమెక్కుతాడు, అత్త ఆ పిల్లని రాచిరంపాన పెడుద్ది. మొగుడు మాత్రం పీటమీద కూచుని అన్నం తింటా ఉంటాడు. దానికేదో పెద్ద పేరుంది, ఎవడిక్కావాలి, మావాళ్ళు కుంచం సినిమా అన్నారు. సినిమా డబ్బాతోపాటు లెక్క చూడ్డానికి కంపెనీవాళ్ళొక మనిషిని పంపేవారు, పానకాలరావు అని. ఎంత సన్నమంటే, గాలొస్తే చొక్కా నిలబడేది గానీ మనిషి నిలబడేవాడు కాదు. మొదటాట పడింది. జనమా? అబ్బో! చుట్టుపక్కల ఊళ్ళలో కుక్కలు తప్ప ఎవరూ మిగల్లేదు, తర్వాత కుక్కలు కూడా వచ్చేశాయి. ఆట అయ్యాక పానకాలరావు చింపిన టికెట్టు ముక్కలు లెక్కెట్టాడు. గుప్పెట్లో పట్టేశాయి.

ఎందుకు పట్టాయంటే చెప్తా వినండి. తెర అంటే ఏంటనుకున్నారు, పల్చటి పంచెగుడ్డ. మిషను వెలుగు ఇటు పడితే బొమ్మ అటూ కనపడుద్ది. అంతకుముందేడు గాలివానకి డేరా వెనక గుడ్డ కాస్తా ఎగిరిపోయింది, అది ఇప్పటికీ బంగాళాఖాతంమీద తిరుగుతానే ఉందంటారు. వెనకంతా కాలవగట్టు. ఇంకేముంది, ఊళ్ళో పెద్దాళ్ళందరూ మంచాలు, చాపలు, మరచెంబులు తెచ్చుకుని గట్టుమీద దర్జాగా కూచుని వెనకవైపునుంచి చూసేవాళ్ళు. చెవిలో పోగులు, మెళ్ళో పలకసర్లు, చేతిలో టికెట్టు మాత్రం లేదు. పానకాలరావు గుప్పెడు విప్పి చూపించి, ఇంతేనమ్మా, ఫట్టు, ఎల్లుండి బస్సుకి డబ్బా ఎత్తేస్తాను అన్నాడు. కోటిరత్నం ఆయన్ని చొక్కా పట్టుకుని గట్టువైపు తిప్పింది. అయ్యా పానకాలరావుగారూ, మీరా గట్టుమీద చూడండి, ఇసకేస్తే రాలదు. ఆడాళ్ళు ఏడ్చిన ఏడుపుకి నేలమీద పడ్డ వేరుశనక్కాయలు మొలకలొచ్చేశాయి, ఇంటికెళ్ళేసరికి ఊళ్ళో ప్రతి పొయ్యిమీదా కూర మాడిపోయింది, వాసన చూడండి. ఇది ఫట్టంటారా? అంటే ఆయన, అమ్మా, కంపెనీకి మొలకలూ మాడువాసనా పంపలేను. సినిమాకి చింపిన ముక్కే కొలత, నన్నేం చెయ్యమంటారు, అన్నాడు పాపం. ఆయన తప్పేముంది, ఆయన ఉద్యోగం అది.

తెల్లారి కోటిరత్నం మొహం వేలాడేసుకుని కాలవరేవుకి బట్టలు ఉతకడానికెళ్ళింది. అక్కడ ఏమైందంటే, అచ్చియ్యమ్మ అని ఊరందరికీ అత్తలాంటిది, నోరు తెరిస్తే కాకులు చెట్టు మారేవి, ఆవిడా ఆవిడ కోడలు వరహాలూ బట్టలు ఉతకడం మానేసి ఒకళ్ళనొకళ్ళు ఉతుక్కుంటున్నారు. ఆ పిల్ల ఎడమకాలితో దొర్లించిందే కుంచాన్ని! నా కళ్ళారా చూశాను! ఇల్లు గుల్లవ్వకేమవుద్ది? ఆ అత్త దేవత గనక సరిపోయింది, నేనైతే వచ్చిన బండిలోనే తిరిగి ఎక్కించేదాన్ని, అంటంది అచ్చియ్యమ్మ. వరహాలేమో, కుడికాలత్తా! పసుపు రాసిన కుడికాలు! నేను టికెట్టు కొని ముందు కూచుని చూశాను, అంటంది. టికెట్టు కొంటే కాళ్ళు మారిపోతాయటే? ఆ మొగుడు ఎడంచేత్తో అన్నం తిన్నాడు, అదీ అబద్ధమేనా? కుడిచేత్తోనే తిన్నాడత్తా. ఓహో, అంటే నాకు కళ్ళు పోయాయంటావు! నేననలేదత్తా, నువ్వే అన్నావు! ఇంకేముంది, రేవులో ఉన్న అత్తలందరూ ఎడమకాలు అని అచ్చియ్యమ్మ వైపు, కోడళ్ళందరూ కుడికాలు అని వరహాలు వైపు. తడిబట్టలు గాల్లో లేచాయి. ఆ గోలకి కాలవలో చేపలన్నీ ఇక్కడ మనవల్ల కాదని సముద్రానికి కాపురం మార్చేశాయి. ఇప్పటికీ ఆ కాలవలో చేప పడదు, కావాలంటే వెళ్ళి గేలం వేసుకోండి.

కోటిరత్నానికి చటుక్కున వెలిగింది. నవ్వు ఆపుకోలేక తల తీసుకెళ్ళి నీళ్ళలో పెట్టేసిందంట. బుడగలు బుడగలుగా నవ్వింది. బట్టలు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తి సత్తియ్యకి చెప్తే, ఆయన, ఓసి వీళ్ళ పిచ్చి పాడుగానూ, వెనకనుంచి చూస్తే కుడి ఎడమవుద్ది, ఎడమ కుడవుద్ది, నేనెళ్ళి చెప్పొస్తానుండు అని కండువా దులిపాడు. కోటిరత్నం గబుక్కున అరచేతంత బెల్లంముక్క ఆయన నోట్లో కుక్కేసి, మావా, నువ్వు నోరు తెరిచావంటే మన డేరా పడవెక్కుద్ది, రెండు రోజులు ఈ బెల్లం చప్పరించు, నీ పుణ్యముంటుంది, అంది. అని, కొంగు బిగించి గూడుబండెక్కింది. కుడికాలా! ఎడమకాలా! ఇంటిని నిలబెట్టిన కాలా, ఇల్లు కూల్చిన కాలా! ముందు కూచున్నవాళ్ళు వెనక్కి రండి, వెనక కూచున్నవాళ్ళు ముందుకి రండి, ఎవరి కళ్ళు మంచివో తేల్చుకోండి బాబో! అని అరుస్తా ఊళ్ళన్నీ తిరిగింది. ఆవిడ తిరిగిందా, ఆవిడ గొంతే తిరిగి ఆవిడ ఇంట్లో కూచుందా అని కొందరికి ఇప్పటికీ అనుమానం. సాయంత్రానికల్లా గట్టుచుట్టూ తడికలు కట్టించి అక్కడో గుమ్మం పెట్టింది. రెండు గుమ్మాల దగ్గరా తనే! ఇక్కడ చింపి అక్కడికి, అక్కడ చింపి ఇక్కడికి, ఆ ఉరుకుడుకి జనం కోటిరత్నాలు కవలలేమో అనుకున్నారంట.

అచ్చియ్యమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కొంగుముడి విప్పి టికెట్టు కొంది. ముందువైపు ఇసకలో బాసింపట్టు వేసుకుని కూచుంది. వరహాలు పట్టుదలకి వెనకవైపు గట్టెక్కింది. కుంచం ఘట్టం వచ్చింది. గాలి ఆగిపోయింది అనుకో, దోమలు కూడా కుట్టడం ఆపి చూశాయి. కాలు లేచింది, కుంచం దొర్లింది. ముందునుంచి అచ్చియ్యమ్మ కేకేసింది. ఏమేవ్ వరహాలూ! ఇక్కడ కుడికాలేనే! తెర అవతలనుంచి వరహాలు, అత్తా! ఇక్కడ ఎడమకాలే అత్తా! అమ్మో, నిజమా? నీమీదొట్టత్తా! అని, సినిమా వాళ్ళు సినిమాలో మాట్లాడుకుంటంటే వీళ్ళు తెరకి అటూ ఇటూ మాట్లాడుకుంటున్నారు. అప్పుడు జనానికి తేలిందేంటంటే, ఈ డబ్బాలో ఒక సినిమా కాదు, రెండున్నాయి! ముందాట వేరు, వెనకాట వేరు. ముందాటలో కోడలు మంచిది, వెనకాటలో అత్త పాపం ఏం చేస్తుంది. పానకాలరావు ఉండబట్టలేక జేబులోంచి చిన్నద్దం తీసి, అమ్మా, అద్దంలో చూస్తే మన కుడి ఎడమైనట్టు కనపడదా, ఇదీ అంతే, అని చెప్పబోయాడు. అచ్చియ్యమ్మ ఆయన్ని పైనుంచి కిందదాకా చూసి, బాబూ, నేను డబ్బులిచ్చి అద్దం చూశానా, సినిమా చూశానా? అంది. ఆయన అద్దంలో తన మొహం తను చూసుకుని జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ మర్నాటినుంచి చూడాలి! ముందాట చూసినవాళ్ళు వెనకాటకి, వెనకాట చూసినవాళ్ళు ముందాటకి, ఏది అసలుదో తేలక మళ్ళీ మొదటికి. చింపిన ముక్కలు గుప్పెట్లో పట్టినవి బుట్టకొచ్చాయి, బుట్టలోవి గోనెకొచ్చాయి, గోనెలోవి ధాన్యం గాదెకొచ్చాయి. పానకాలరావు బస్సు పోయింది, ఇంకో బస్సూ పోయింది, ఆయన గాదె నిచ్చెనమీదే నిద్దరోతున్నాడు. ఆఖరికి ఒకపూట అచ్చియ్యమ్మ ఇంటర్వెల్లులో లేచి నిలబడి, ఒసే వరహాలూ, ఇటు రా, అని పిలిచింది. ముందునుంచి చూస్తే కోడలిది తప్పులేదు. వెనకనుంచి చూస్తే అత్తది తప్పులేదు. ఎటునుంచి చూసినా, ఇల్లు కూలిపోతున్నా, పీటమీంచి లేవకుండా తింటా కూచున్నవాడెవడే? వరహాలు నోటిమీద చెయ్యేసుకుని, మొగుడత్తా! అంది. అంతే, అత్తాకోడళ్ళు పడీపడీ నవ్వుకుని ఒకే చాపమీద కూచున్నారు. ఊళ్ళో ఆడాళ్ళందరూ, అవునే, వాడేనే, వాడిదే తప్పు! అన్నారు.

కోటిరత్నం మాత్రం, తగువు తీరిపోయింది, ఇక ఎవరొస్తారు, డేరా పడవెక్కాల్సిందేనా అని గుమ్మంలో కూలబడింది. సరిగ్గా అప్పుడే, అదెలా, మా మగాళ్ళమీద నెపమేస్తారా, మేం చూసి తేలుస్తాం, అని తలపాగాలు చుట్టుకుని మగాళ్ళందరూ బయల్దేరారు! పొలాలు వదిలి ఒకళ్ళు, అరుగులు వదిలి ఒకళ్ళు. గుడ్డ మూరలేసి పోయిన ఉప్పు పడవవాడు కూడా, డబ్బిచ్చి డేరాగుడ్డ పట్టుకుపోదామని వచ్చినవాడు, ఏంటీ గోల అని లోపలికి తొంగిచూసి, ఆ డబ్బు పెట్టి తన పడవలవాళ్ళందరికీ టికెట్లు కొనేశాడంట, ముందువి, వెనకవి! కోటిరత్నం ఆయన్ని చూసి, ఏం బాబూ, ఆ రోజు గుడ్డ కొలిచావు గదా, ఇవాళ జనాన్ని కొలువు, ఎన్ని మూరలున్నారో చెప్పు, అంది. కొలవడానికి ఆయన చెయ్యి చాపడానికి చోటుంటే గదా! సత్తియ్య ఆ రోజుకి గానీ బెల్లం మింగలేదు. మింగి, రత్నం, డేరాకి వెనకగుడ్డ కొందామా, అన్నాడంట. ఆవిడ చూసిన చూపుకి మిషను దానంతటదే తిరిగింది. వెనకగుడ్డ ఆ డేరాకి మళ్ళీ పడలేదు. తెర మాత్రం ఇంకాస్త పల్చటిది తెచ్చారు. పానకాలరావు కంపెనీకి ఏమని రాశాడో తెలుసా? సినిమా ముందువైపు హిట్టు, వెనకవైపు బ్రహ్మాండం, అని.

అదండీ కోటిరత్నం సంగతి. ఇప్పుడు మా మనవడు ఫోను నా మొహమ్మీద పెట్టి, నానమ్మా, ఈ సినిమా మొదటిరోజే ఇన్ని వందల కోట్లు కొట్టిందే, అంటాడు. నేనడుగుతాను, సరేరా నాయనా, ఎన్ని ఇళ్ళలో కూర మాడింది? తెలీదంటాడు. ఎంతమంది అత్తలు కోడళ్ళతో కొట్లాడి కలిశారు? తెలీదంటాడు. పోనీ ఆ కోట్లు ముందువైపువా, వెనకవైపువా అంటే ఫోను తిరగేసి చూస్తాడు, వెర్రినాగన్న! వెనకవైపు ఏముంటుంది, వాడి బొటనవేలు తప్ప. ఇక లేవండర్రా, పొయ్యిమీద నా పులుసు మాడిపోతా ఉంటది. మాడితే మాడిందిలే, కథ ఆడినట్టే.